అల్లిక: మీ ప్రశ్న, మా జవాబు

ప్రశ్న: ఆదివారాలు అయిదుగురం సత్యనారాయణపురంలో కలిసి అల్లుకుంటాం. పాప దుప్పటికి తలా ఆరు చదరాలు, 40 కుట్లతో అల్లాం. ఏ రెండూ కలవడం లేదు, అంచులు చుట్టుకుపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుట్ల లెక్క ఒకటే అయినా చేతి బిగువు ఒకటి కాదండీ. 10 సెంటీమీటర్లకు ఒకరికి 20 కుట్లు, ఇంకొకరికి 22 పడితే 40 కుట్ల చదరం ఒకచోట 20 సెంటీమీటర్లు, మరోచోట 18 వస్తుంది.

గుంపుగా అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టకండి, టేపుతో కొలవండి. మూల నుంచి మొదలుపెట్టండి: 3 కుట్లు ఎక్కించి, ప్రతి వరుస మొదట్లో ఒక కుట్టు పెంచండి. పక్క అంచు 20 సెంటీమీటర్లు కాగానే, వరుసకొకటి చొప్పున మొదట్లో రెండు కుట్లు కలుపుతూ తగ్గించండి. ఎవరి చెయ్యి ఎలా ఉన్నా చదరం కొలత ఒకటే. ఈ పద్ధతి మాకెంతో ఇష్టం.

అంచు చుట్టుకోవడానికి కారణం ఒక వరుస నిట్ (సూటి కుట్టు), ఒక వరుస పర్ల్ (తిరగ కుట్టు) అల్లడం. అన్ని వరుసలూ నిట్ అల్లితే చదునుగా ఉంటుంది. అక్రిలిక్‌ను ఇస్త్రీతో మాత్రం అణచకండి, దారం సాగి జీవం పోతుంది.

బెజవాడ ఎండలకు పాపకు నూలు దారమే హాయి. ముందు ఒక చదరం ఉతికి, ఆరాక మళ్లీ కొలవండి, నూలు కుంచించుకుపోవచ్చు.