ముందు మాత్రల సీసా వాడి చేతికివ్వండి

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చింది. వాడి నాన్న లేరు. నేనూ మందుల మీదే ఉన్నాను. రోజూ రాత్రి తొమ్మిదికి దగ్గరుండి వాడిచేత మాత్ర వేయిస్తాను. రెండేళ్ల కిందట డాక్టర్ గారు వాడికి విషయం చెప్పారు. అప్పటినుంచి ఇంట్లో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. చదువులో ముందుంటాడు. నర్సింగ్ చేస్తానని, హాస్టల్లో ఉంటానని అంటున్నాడు. నైట్ డ్యూటీలు, మెడికల్ టెస్టులు, నలుగురికీ తెలిసిపోవడం తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఇంటిపట్టున ఉండి చేసుకునే కంప్యూటర్ పని ఏదైనా నేర్చుకోమంటున్నాను. ఏ కోర్సు మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడి మార్కులు రాశారు, వాడి పట్టుదల రాశారు, మీ భయాలన్నీ రాశారు. ఒక్క అంకె మాత్రం రాయలేదు. వాడి వైరల్ లోడ్ ఎంత? మార్కుల కన్నా ముందు నాకు అది కావాలి.

మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ కాపీలున్నాయో చూసే పరీక్ష అది. రోజూ మాత్ర వేసుకునేవారికి చాలావరకు అది 50 లోపుకు పడిపోతుంది. అక్కడే నిలబడి ఉంటే రోగనిరోధక శక్తి నిలబడుతుంది, ఆయుష్షు కూడా ఇంచుమించు అందరితో సమానంగా ఉంటుంది. ఇంకో సంగతి. 782 మగ జంటల మీద యూరప్‌లో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ప్రతి జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మందులతో వైరల్ లోడ్ 200 లోపు ఉంది. కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలిసినా భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఆడ, మగ జంటలను కూడా కలిపి అంతకుముందు చేసిన మొదటి విడత ఫలితం 2016లో వచ్చింది, అదీ సున్నానే. ఉద్యోగం గురించి అడిగితే ఇదంతా ఎందుకంటారా? రేపు వాడు ఒక అమ్మాయిని ఇష్టపడతాడు, పెళ్లి మాట వస్తుంది. తన వల్ల ఎవరికో ఏదో అవుతుందన్న భయంతో మనుషులకు దూరంగా బతికే పిల్లలను చూశాను. ఆ భయమే వాళ్లచేత ఇంట్లో కూర్చుని చేసే పని ఎంచుకునేలా చేస్తుంది. ఈ అంకె వాడికి తెలియాలి.

ఇక హాస్టల్. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు. వాడిదీ పుట్టుకతో వచ్చిందే. మొదటి ఏడాది అంతా బాగానే చదివాడు. సెలవులకు ఇంటికొచ్చి పరీక్ష చేయించుకుంటే వైరల్ లోడ్ వేలల్లో ఉంది. ఏం జరిగిందని అడిగితే బ్యాగులోంచి మాత్రల సీసా తీసి చూపించాడు. మీద లేబుల్ గీకేసి ఉంది. లోపల, చప్పుడు కాకుండా, దూది కుక్కి ఉంది. వాళ్లమ్మ పెట్టిన టైము రాత్రి తొమ్మిది. హాస్టల్లో రాత్రి తొమ్మిదంటే గది నిండా జనం. రోజూ సీసా జేబులో పెట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్లేవాడు. శని, ఆదివారాల్లో పక్క గదులవాళ్లు కూడా వచ్చి అర్ధరాత్రి దాకా కూర్చునేవారు. అప్పుడు మానేసేవాడు. మందు ఖరీదై కాదు, ఒళ్లు బాగాలేక కాదు, గదిలో మనుషులున్నారని మానేశాడు.

పరిష్కారం చాలా చిన్నది. డాక్టర్‌ని అడిగి మాత్రను పొద్దున పళ్లు తోముకునే వేళకు మార్చుకున్నాడు. అందరూ నిద్రలో ఉంటారు, ఎవరూ చూడరు. మధ్యలో మానేయడం వల్ల మందు పనిచేయకుండా పోయిందేమోనని కొన్నాళ్లు టెన్షన్ పడ్డాం, అదృష్టం కొద్దీ పోలేదు, అంకె మళ్లీ దిగింది. తొమ్మిది గంటలన్నది మందు పెట్టిన రూలు కాదమ్మా, వాడి చిన్నతనంలో వాళ్లమ్మకు వీలైన వేళ, అంతే.

మీ ఇంట్లోనూ అదే తొమ్మిది. అందుకే కోర్సు పేరు చెప్పేముందు ఒక పని చెబుతున్నాను. ఈ ఏడాదిలో మాత్రల సీసా మీ చేతిలోంచి వాడి చేతికి వెళ్లాలి. తను వేసుకునే మందు పేరేమిటో, తన చివరి వైరల్ లోడ్ ఎంతో, మందులిచ్చే సెంటర్‌కి మళ్లీ ఎప్పుడు వెళ్లాలో మిమ్మల్ని అడగకుండా వాడు చెప్పగలగాలి. పిల్లల విభాగం నుంచి పెద్దవాళ్ల విభాగానికి మారే వయసులోనే ఎక్కువమంది మందు జారవిడుస్తారు. ఆ మార్పు మీ కళ్లముందు జరిగితే మేలా, హాస్టల్ గదిలో జరిగితే మేలా? మొదట్లో ఒకటీ అరా మరిచిపోతాడు. గుర్తుచేయండి గానీ, సీసా మళ్లీ లాక్కోకండి.

ఇప్పుడు నర్సింగ్. చేయవచ్చు. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ పెట్టడం, బీపీ చూడడం, కట్టు కట్టడం, ఇలాంటి మామూలు పనుల్లో నర్సు నుంచి రోగికి హెచ్‌ఐవీ వెళ్లే దారి లేదు. చిక్కంతా శరీరం లోపల చేతులు పెట్టి చేసే ఆపరేషన్ల దగ్గర. వాటి మీద దేశానికో నిబంధన ఉంది. బ్రిటన్ ఒకప్పుడు అలాంటి పనుల నుంచి హెచ్‌ఐవీ ఉన్న వైద్య సిబ్బందిని పూర్తిగా తప్పించేది. 2014 నుంచి వైరల్ లోడ్ 200 లోపు ఉంచుకుంటూ మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకునేవారిని సర్జరీలు కూడా చేయనిస్తోంది. మళ్లీ చూశారా, తలుపు తీసింది ఆ అంకే.

రోగులకు వాడి వల్ల ముప్పు గురించి అందరూ అడుగుతారు. వార్డు వల్ల వాడికి వచ్చే ముప్పు గురించి ఎవరూ అడగరు. నేను అడిగేది అదే. ప్రపంచం మొత్తమ్మీద హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలి తీసుకుంటున్నది టీబీ. నర్సింగ్‌లో టీబీ వార్డు తప్పదు. చేరేముందే డాక్టర్‌తో మాట్లాడి, టీబీ రాకుండా ముందుగా వాడే మందుల సంగతి తేల్చుకోవాలి. హెపటైటిస్ బీ టీకా పూర్తయిందో లేదో చూసుకోవాలి.

నైట్ డ్యూటీ మీరనుకున్నంత అడ్డం కాదు. పాత మందుల్లో ఎఫవిరెంజ్ అని ఒకటుండేది. పడుకునేముందు వేసుకోవాలి, తల తిరిగేది, పిచ్చి కలలు వచ్చేవి. అలాంటి మందు మీద ఉండి రాత్రి డ్యూటీ కష్టమే. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది డోల్యుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకొకటి, తిన్నాక వేసుకున్నా తినకముందు వేసుకున్నా ఫర్వాలేదు. వాడిది ఏ మందో చూడండి. డోల్యుటెగ్రావిర్ అయితే ఒకటి గుర్తుంచుకోమనండి. కడుపులో మంటకని వేసుకునే యాంటాసిడ్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. యాంటాసిడ్‌కి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలతోనూ ఇదే చిక్కు, కాకపోతే వాటితో కలిపి వేసుకోవాల్సి వస్తే భోజనంతో వేసుకోవచ్చు. వేళాపాళా లేకుండా తినే నర్సులకు కడుపులో మంట మామూలే కదా.

నర్సింగ్ అనగానే చాలామంది మనసులో విదేశం ఉంటుంది. అక్కడ మాత్రం ముందే తెలుసుకుని అడుగెయ్యాలి. గల్ఫ్ దేశాల్లో వర్క్ వీసాకు హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది, పాజిటివ్ వస్తే వీసా రాదు. అన్యాయమే, కానీ ఉన్నమాట. అమెరికా తన నిషేధాన్ని 2010లో ఎత్తేసింది. గల్ఫ్ సంపాదన లెక్కలో పెట్టుకుని చదువుకు అప్పు చేస్తుంటే మాత్రం ఇప్పుడే ఆగండి.

మెడికల్ టెస్టులు, నలుగురికీ తెలియడం. మీ అసలు భయం ఇదే అనుకుంటాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో చేసిన 200వ సిఫార్సు చాలా స్పష్టంగా ఉంది: ఉద్యోగం అడిగేవారికి హెచ్‌ఐవీ పరీక్ష పెట్టకూడదు, ఉన్న విషయం చెప్పమని బలవంతం చేయకూడదు. సిఫార్సు కాబట్టి ప్రతి దేశం పాటించాలని లేదు. చట్టం చేసిన దేశాలున్నాయి. భారత్ 2017లో చేసిన చట్టం ప్రకారం ఉద్యోగానికి గానీ చదువుకు గానీ హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. 100 మందికి తగ్గకుండా ఉన్న సంస్థలో ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలి, వైద్య సంస్థల్లో అయితే 20 మంది చాలు. కోర్టుకెక్కి గెలిచినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో విమానంలో సిబ్బందిగా చేరబోయిన వ్యక్తిని హెచ్‌ఐవీ ఉందని తీసుకోలేదు. ఆయన రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు, 2000లో ఉద్యోగం ఇవ్వమని తీర్పు వచ్చింది. అదే దేశంలో ఎడ్విన్ కామెరాన్ జడ్జిగా ఉంటూనే 1999లో తనకు హెచ్‌ఐవీ ఉందని బయటికి చెప్పారు. పదవి పోలేదు సరికదా, తర్వాత ఆ రాజ్యాంగ న్యాయస్థానంలోనే పదేళ్లు కూర్చున్నారు.

అలాగని వాడు అందరికీ చెప్పుకుంటూ తిరగాలని కాదు. ఒకసారి నోరు దాటిన మాట మళ్లీ వెనక్కి రాదు. సెలవు కావాలంటే ‘చెకప్ ఉంది’ అంటే చాలు. ఎవరో ఒక్కరికి, కష్టం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లగల ఒక్క స్నేహితుడికి చెప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం, అదీ ఆర్నెల్లు మనిషిని చూశాకే. చెప్పకపోవడం వేరు, అబద్ధం రాయడం వేరు. ముఖ్యంగా బీమా ఫారంలో దాచితే, తీరా డబ్బు కావలసిన రోజున క్లెయిమ్ కొట్టేస్తారు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి. చాలా దేశాల్లో ప్రభుత్వమే మందు ఉచితంగా ఇస్తోంది. ఖర్చయ్యేది మందు చుట్టూ ఉన్న వాటికి: రానూపోనూ చార్జీలు, పోయిన రోజు కూలి, మిగతా పరీక్షలు. అందుకే నేను జీతం అంకె కన్నా జీతంతో కూడిన సెలవులు చూస్తాను. నెలనెలా మందు తెచ్చుకోవాలి కాబట్టి దూరం పంపలేనని చాలామంది తల్లులు అంటారు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నుంచి ఆరు నెలల మందు ఒకేసారి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మీ సెంటర్‌లో అడగండి. కాలేజీ ఉన్న ఊరి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ కూడా అడగవచ్చు.

మీరు చెప్పిన కంప్యూటర్ పనిని ఈ లెక్కలో పెట్టి చూడండి. ఇంట్లో కూర్చుని చేసే విడి పనుల్లో చాలావాటికి సెలవు లేదు, బీమా లేదు. నిఖార్సైన ఉద్యోగమైతే, ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు బీమా ఉంటుంది, అందులో చాలాసార్లు విడిగా వైద్య పరీక్ష అడగరు. పైగా ఇరవై ఏళ్లవాడు నాలుగు గోడల మధ్య తల్లితో, ఎత్తకూడని ఒక మాటతో ఎన్నాళ్లు ఉంటాడు? కంప్యూటర్ల మీద వాడికే ఇష్టం ఉంటే వేరే సంగతి. మీ ఉత్తరంలో అలా లేదు.

ఇంకో సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు: ‘హెచ్‌ఐవీ సంస్థల్లోనే కౌన్సెలర్‌గా చేర్పించండి, అక్కడైతే ఎవరూ ఏమీ అనరు’ అని. గౌరవమైన పనే. తనలాంటి పిల్లలను కలవడానికి వారాంతాల్లో అక్కడికి వెళ్తే వాడికి ఎంతో మంచిది కూడా. కానీ బతుకుతెరువుకు దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ జీతాలు ఎక్కువగా ప్రాజెక్టు నిధుల మీద నడుస్తాయి. 2025లో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు ఎన్నో దేశాల్లో ఇలాంటి ఉద్యోగాలు రాత్రికి రాత్రే పోయాయి.

వాడికి నర్సింగ్ ఎందుకిష్టమో మీరు అడిగారా? చిన్నప్పటి నుంచి సెంటర్‌లో నర్సులను చూస్తూ పెరిగాడు. ఆ ఇష్టం అక్కడ పుట్టిందేమో. లేక హాస్టల్‌కి వెళ్లాలన్న కోరికకే నర్సింగ్ అని పేరు పెట్టాడేమో. రెండో కారణమైతే ల్యాబ్ టెక్నాలజీ, ఫార్మసీ లాంటివి కూడా వాడి ముందు పెట్టాలి. ఇది నేను వాడితోనే మాట్లాడాలి.

ఈసారి సెంటర్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ గదిలోకి వాడినొక్కడినే పంపండి. మీరు బయట బెంచీ మీద కూర్చోండి. బయటికొచ్చాక ఏమన్నారని వెంటనే అడగకండి, వాడంతట వాడు చెప్పేదాకా ఆగండి. ఆ రిపోర్టులో అంకె ఎంతో, మాత్ర ఏ వేళకు మార్చుకోవాలనుకుంటున్నాడో వాడిచేతే నాకు రాయించండి. దరఖాస్తులకు ఇంకా టైముంది.