ఖర్జూర తోటకు వెళ్లాలా, తాళ్లనే నమ్ముకోవాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె. నా వయసు 34. మా నాన్న చేతి నుంచి చెట్టెక్కే మోకు అందుకుని పద్నాలుగేళ్లుగా కల్లు కోసం తాళ్లు (తాటిచెట్లు), చలికాలంలో ఈత చెట్లు గీస్తున్నాను. ఊరి గీత సంఘంలో సభ్యుణ్ణి. నా వంతుకు పన్నెండు తాళ్లున్నాయి. కల్లు బాగా పారే నెలల్లో ఇరవై వేలు దాటుతుంది, వానాకాలంలో ఏడెనిమిది వేలు రావడమే కష్టం. ఏడాది మీద సగటున నెలకు 16,000 అనుకోవచ్చు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు 2,40,000 ఉంది. ఇప్పుడు ఒక ఏజెంటు దుబాయ్ వైపు ఖర్జూర తోటలో చెట్లెక్కే పని ఉందని, నెలకు 1,500 దిర్హాములు ఇస్తారని, తిండి మనదేనని, విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ పని వీసాగా మార్పిస్తానని, అందుకు 90,000 కట్టాలని చెబుతున్నాడు. పది రోజుల్లో తేల్చమన్నాడు. నా పాస్‌పోర్టు కూడా తీసుకున్నాడు. నేను పదో తరగతి తప్పాను. ఇద్దరు చిన్న పిల్లలున్నారు. నా భార్య మాత్రం, "పడితే ఈడ ఎత్తుకొచ్చెటోళ్లు నలుగురున్నరు, ఆడ ఎవరున్నరు?" అని అడుగుతోంది. వెళ్లమంటారా, వద్దంటారా?

జవాబు: మీ ఉత్తరంలో చాలా లెక్కలున్నాయి గానీ, అసలు అడగవలసిన ప్రశ్నను అడిగింది మీ ఇంటావిడే. చెట్టెక్కేవాడు ఊరు మారేముందు జీతం కంటే ముందుగా తేల్చుకోవలసినది, పడినప్పుడు తనకు దిక్కెవరన్నదే. ఆ ప్రశ్నకు మీ దగ్గరున్న కాగితం ఏం జవాబు చెబుతుందో చూద్దామని, ఉత్తరంతో మీరు జతచేసిన జెరాక్సును రెండుసార్లు చదివాను. అందులో కంపెనీ పేరుంది, చిరునామా లేదు. జీతం ఉంది, రోజుకు ఎన్ని గంటల పనో లేదు. "ఫుడ్ సెల్ఫ్" అని ఉంది, వైద్యం ఎవరిదో లేదు. కింద గుండ్రటి ముద్ర ఉంది గానీ, విదేశాలకు మనుషులను పంపేందుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు సంఖ్య ఎక్కడా లేదు. కాబట్టి ఈ కాగితం మీద, ఈ పద్ధతిలో మాత్రం వెళ్లవద్దు. అంటే ఖర్జూర తోటకే వెళ్లవద్దని కాదు. ఆ తేడా చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పని సంగతి. మీ చేతిలోని విద్యకు అక్కడ విలువ ఉంది. మన ఈత చెట్టు, వాళ్ల ఖర్జూరం దగ్గరి చుట్టాలు, వృక్షశాస్త్రంలో రెండూ ఫీనిక్స్ ప్రజాతికి చెందినవే. ఈత ముళ్లు గుచ్చుకున్న చేతికి ఖర్జూర ముళ్లు కొత్త కావు. ఎమిరేట్స్‌లో, అంటే దుబాయ్ ఉన్న దేశంలో, పాత తరం వాళ్లు "హాబూల్" అనే తాడును చెట్టు చుట్టూ, తమ వీపు వెనక తిప్పి, దాని మీద ఆని ఎక్కుతారు. చూడటానికి అది మన మోకుకు దాయాదిలా ఉంటుంది. తాటిచెట్లలో మగది, ఆడది తేడా తెలిసిన మీకు అక్కడి మొదటి పని కూడా తొందరగానే పట్టుబడుతుంది: చలి తగ్గే వేళకు మగచెట్టు పూరెమ్మలు తెచ్చి ఆడచెట్టు పూగుత్తుల మధ్య పెట్టి కట్టాలి. ఆ తర్వాత గెలలు పలుచన చేయడం, బరువుకు విరగకుండా కమ్మలకు కట్టడం, పిట్టలు తినకుండా వలసంచులు తొడగడం, చివరికి కోత. ఒక్కో చెట్టును ఏడాదిలో ఇలా అనేకసార్లు ఎక్కవలసి ఉంటుంది.

అయితే పోలిక అక్కడితో ఆగిపోతుంది. మీరు ఇక్కడ రోజూ ఎక్కేది అవే చెట్లు. ఆ పన్నెండింటిలో ఏది ఏ గాలికి ఎటు ఊగుతుందో, ఏ చెట్టు మీద ఎక్కడ కాలు జారుతుందో మీ అరికాళ్లకు తెలుసు. అక్కడ తోటలో ఉండేవి వందల చెట్లు, అన్నీ ముక్కూముఖం తెలియనివే. ఖర్జూరం మాను మీద నరికిన కమ్మల మొదళ్లు మెట్లలా ఉండి ఎక్కడం సులువనిపిస్తుంది గానీ, వాటిలో ఎండి పుచ్చినది కాలి కింద పుటుక్కున విరుగుతుంది. నున్నటి తాటిమాను మీద ఉన్నంత జాగ్రత్త అక్కడ ఉండకపోవడమే ప్రమాదం. పైగా మనకు తాటికల్లు వేసవిలో బాగా పారినా తెల్లవారుజామున, పొద్దువాలాక ఎక్కి దిగుతాం. ఖర్జూరం పండేదీ కోసేదీ జూలై నుంచి సెప్టెంబరు దాకా, అంటే అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లోనే. ఆరుబయట ఎండలో పనిచేసేవారికి జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని ఆపాలన్న నిబంధన ఎమిరేట్స్‌లో ఉంది. అది మీ తోటలో అమలవుతుందా లేదా అన్నది అదే యజమాని దగ్గర ఇప్పటికే పనిచేస్తున్న మనిషిని ఫోన్‌లో అడిగితే తెలుస్తుంది. ఏజెంటును అడిగి ప్రయోజనం లేదు.

ఇంకో మాట. కొత్తగా వేసిన పెద్ద తోటల్లో చెట్లు పొట్టిగా ఉంటాయి. నిచ్చెన మీదో, యంత్రపు బుట్టలోనో నిలబడి పని చేస్తారు. కాబట్టి "చెట్టెక్కే పని" అని తీసుకెళ్లినా ఎక్కువ రోజులు నీళ్లు పెట్టడం, కమ్మలు మోయడం, ఎరువు చల్లడం కావచ్చు. అది తప్పు పని అని కాదు, పద్నాలుగేళ్ల విద్యను చూపించి తీసుకెళ్లి మామూలు కూలికి లెక్కకట్టే అవకాశం ఉందని చెబుతున్నాను. పని పేరు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలని పట్టుబట్టవలసింది అందుకే.

ఇప్పుడు డబ్బు. 1,500 దిర్హాములంటే మన రూపాయల్లో 35,000కు అటూ ఇటూ. తిండికి 350, ఫోనుకు, సబ్బుకు, క్షవరానికి 50 పోతే మిగిలేది 1,100 దిర్హాములు, సుమారు 26,000. ఇక్కడ మీకు సగటున 16,000 వస్తోంది కనుక అదనంగా చేతికొచ్చేది నెలకు పది వేలు, రెండేళ్లకు 2,40,000. మీ అప్పు కూడా సరిగ్గా అంతే కావడంతో మనసు అటు మొగ్గిందని అర్థమైంది. కానీ ఏజెంటుకు కట్టే 90,000 మీ దగ్గర లేవు. మీ ప్రాంతంలో నడిచే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,700. ఏడాదిలోనే తీర్చేస్తారనుకున్నా వడ్డీయే 32,400 అవుతుంది. అసలు, వడ్డీ కలిపి 1,22,400 తీసేస్తే రెండేళ్ల కష్టానికి మిగిలేది 1,17,600. అంటే పాత అప్పులో సగం కూడా తీరదు. ఇందులో మొదటి రెండు నెలలు జీతం ఆలస్యమైతే ఏమిటన్నది, ఒంట్లో బాగులేక పనికి వెళ్లని రోజుల కోత ఎంతన్నది నేను కలపలేదు.

అదే లైసెన్సున్న ఏజెంటు అయితే చట్టప్రకారం తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా 30,000, దానిపై జీఎస్టీ 5,400. అసలు ఎమిరేట్స్ చట్టం ప్రకారం కార్మికుడి వీసా, నియామక ఖర్చులు భరించవలసింది యజమానే. అలాంటప్పుడు 90,000 దేనికని అడిగితే మీ ఏజెంటు ఏం చెబుతాడో వినాలని నాకూ ఉంది.

మళ్లీ మీ భార్య ప్రశ్న దగ్గరకు వద్దాం. ఇక్కడ మీరు పడితే, దేవుడి దయవల్ల పడకూడదు గాని, సంఘంలో సభ్యత్వం ఉన్న గీత కార్మికుడిగా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల పరిహారానికి మరణం సంభవించినా, శాశ్వత వైకల్యం వచ్చినా మీ కుటుంబం దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లు కూడా ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి వచ్చినవే. ఆ కిట్టు తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకోకపోతే, వెళ్లినా వెళ్లకపోయినా ముందు ఆ కిట్టు వాడే శిక్షణకు పేరు ఇవ్వండి.

అక్కడ పడితే జవాబు చెప్పేది మీ వీసా ఒక్కటే. పదో తరగతి పాసు కాలేదు గనుక మీ పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతికి చెందుతుంది. అంటే ఎమిరేట్స్‌లో పనికి వెళ్లాలంటే ప్రవాసుల సంరక్షణాధికారి (ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్) అనుమతి తప్పనిసరి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో యజమాని నమోదై, ఒప్పందం అందులోకి ఎక్కి, ఆ అనుమతి వస్తేనే ప్రవాసీ భారతీయ బీమా యోజన మీకు వర్తిస్తుంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు అందే పథకం అది. విజిట్ వీసా అన్నది ఈ దారి మొత్తాన్నీ తప్పించుకునే అడ్డదోవ. విజిట్ వీసా మీద ఎమిరేట్స్‌లో పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. అలా పనిచేస్తూ చెట్టు మీద నుంచి పడినవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికే యజమాని జంకుతాడు. ఎందుకంటే ఆ మనిషి తన దగ్గర పనిచేస్తున్నాడని ఒప్పుకోవలసి వస్తుంది. "అక్కడికి వెళ్లాక మార్పిస్తా" అన్న మాట నమ్మి ఖల్లివెల్లి అయిన, అంటే సరైన వీసా లేకుండా అక్కడ చిక్కుకుపోయిన మనుషులు మీ జిల్లాలో ప్రతి మండలంలోనూ కనిపిస్తారు, వాళ్లలో ఒకరిని వెతికి పట్టుకుని ఒక సాయంత్రం కూర్చోండి.

పని వీసాయే వచ్చినా అందులో మీ వృత్తిని ఏమని రాశారో చూసుకోవాలి. కంపెనీ కార్మికుడిగా వెళ్లడం వేరు, ఒక వ్యక్తి సొంత మజ్రాలో (తోటలో) పనివాడిగా వెళ్లడం వేరు. రెండో తరగతి వారికి అక్కడ ఇంటిపనివారి నియమాలు వర్తించవచ్చు. కంపెనీ కార్మికుడికైతే ఏడాది పూర్తయ్యాక, మొదటి ఐదేళ్లలో ప్రతి ఏడాదికీ 21 రోజుల మూల వేతనం చొప్పున లెక్కగట్టి, దిగేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. ఇంటిపనివారి లెక్క వేరు. జీతం బ్యాంకు ఖాతాలో పడుతుందా, చేతికిస్తారా అన్నది కూడా ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.

ఇన్ని చెప్పాక వెళ్లవద్దన్నట్టే ధ్వనిస్తుందని నాకు తెలుసు. నిజానికి మీ వయసులో, మీ అప్పుతో, సరైన కాగితాలు ఉంటే రెండేళ్లు వెళ్లి రావడం తెలివైన పనే అంటాను. మోకాళ్లు ఇంకో పదిహేనేళ్లు ఇలాగే ఉండవు, వానాకాలపు ఏడు వేలతో మూడు రూపాయల వడ్డీ తీరదు. అందుకని ఈ ఏజెంటును వదిలి, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్ హైదరాబాద్ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. మీ వృత్తిని "వ్యవసాయ కూలీ" అని రాయించకుండా, పద్నాలుగేళ్ల అనుభవమున్న గీత కార్మికుడు, తాటి, ఈత చెట్లు ఎక్కడంలో నిపుణుడు అని రాయించండి. వెంటనే పిలుపు రాకపోవచ్చు. అది ఆరు నెలలు పట్టినా, మధ్యలో ఒక తాళ్ల కాలం మీ చేతికొస్తుంది.

వెళ్లే రోజు వచ్చినప్పుడు మరిచిపోకూడనిది మీ పన్నెండు తాళ్ల వంతు. సంఘంలో చెప్పకుండా విమానం ఎక్కితే తిరిగొచ్చేసరికి ఆ చెట్లు మరొకరి మోకు కింద ఉంటాయి, అప్పుడు తగవు పెట్టుకున్నా న్యాయం మీ వైపు ఉండదు. సంఘం సమావేశంలో పెద్దల ముందు అడిగి, మీ అన్నదమ్ముల్లోనో పాలివాళ్లలోనో ఒకరు రెండేళ్లు గీసుకునేలా, మీరు రాగానే తిరిగి అప్పగించేలా తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. గీసేవాడు మీ ఇంటికి వారానికో, నెలకో ఎంత ఇవ్వాలన్నది కూడా అందులోనే ఉండాలి, ఆ డబ్బు మీ భార్య చేతికే రావాలి. సభ్యత్వం కొనసాగుతుందో, వాయిదా పడుతుందో ఎక్సైజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ తర్వాతి మాటలు. ముందు మీ పాస్‌పోర్టు. దాన్ని అట్టిపెట్టుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. వీసా పనికి కావాలని అతను అంటాడు. ఎమిరేట్స్ విజిట్ వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, దానికి పాస్‌పోర్టు జెరాక్సు సరిపోతుంది. రేపే వెళ్లి అడగండి, ఒంటరిగా కాకుండా సంఘం అధ్యక్షుణ్ణి వెంట తీసుకెళ్లండి. ఇవ్వనంటే అక్కడే కూర్చోకుండా, వాదించకుండా, నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాసివ్వండి. ఈ జెరాక్సు కాగితాన్ని కూడా దానికి జతచేయండి.