చలికాలం ఉదయాల్లో ఐడ్లింగ్ తగ్గకపోతే ముందు థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో చూడండి

మార్కాపురం నుంచి మీరు అడిగినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: మీది పెట్రోలు కారు. డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఉదయం స్టార్టు చేస్తే ఐడ్లింగ్ (యాక్సిలరేటరు తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) నిమిషానికి 1500 చుట్ల దగ్గరే నిలిచిపోతోంది, పది కిలోమీటర్లు నడిపి ఎక్కడైనా ఆపినా దిగడం లేదు, మధ్యాహ్నం మాత్రం మామూలుగానే ఉంటోంది. షెడ్డులో త్రాటిల్ బాడీ (ఇంజనులోకి ఎంత గాలి పోవాలో అదుపుచేసే భాగం) మార్చమన్నారు. నెల్లూరులో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారుకు అచ్చం ఇవే లక్షణాలు ఉండేవి గనుక రాస్తున్నాను. త్రాటిల్ బాడీకి డబ్బు పెట్టే ముందు మీ ఇంజనులో థర్మోస్టాట్ వాల్వు అసలు ఉందో లేదో చూడండి. ఇంజను వేడెక్కేదాకా కూలెంటును, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది అదే.

చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉంటుంది. అందువల్ల ఇంజను కంప్యూటరు కూలెంట్ ఉష్ణోగ్రతను చూసి, కొంతసేపు గాలినీ పెట్రోలునూ ఎక్కువగా ఇచ్చి ఐడ్లింగును 1200 నుంచి 1500 వరకు పెంచుతుంది. కూలెంట్ వేడెక్కే కొద్దీ దాన్ని దించుకుంటూ వచ్చి, సుమారు 80 డిగ్రీలకు చేరేసరికి 700-850 మధ్య నిలబెడుతుంది. కనుక మొదటి రెండు మూడు నిమిషాలు బండి రేసుగా ఉండటం జబ్బు కాదు. అయితే మన తీరప్రాంతంలో జనవరి తెల్లవారుజామున కూడా చలి ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. నల్లమల పక్కనున్న మీ వైపు ఇంకాస్త ఎక్కువ ఉండవచ్చు గానీ, అంతమాత్రం చలికి పది కిలోమీటర్లు నడిచిన ఇంజను వేడెక్కకపోవడమంటూ ఉండదు. అయినా ఐడ్లింగ్ దిగలేదంటే ఇంజను నిజంగానే వేడెక్కడం లేదు, లేదా వేడెక్కిన సంగతి కంప్యూటరుకు తెలియడం లేదు, అదీ కాకపోతే లెక్కలో లేని గాలి ఎక్కడినుంచో లోపలికి పోతోంది.

మొదటిదాన్నే ఎక్కువగా అనుమానించడానికి మన ఊళ్ల అలవాటే కారణం. ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకువెళితే, "వాల్వు తీసేస్తే ఇంజను చల్లగా ఉంటాది సార్" అని తీసి పక్కన పడేసే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. నా కారులో కూడా పాత యజమాని కాలంలో అదే జరిగింది. మెకానిక్ హౌసింగ్ బోల్టులు విప్పి మూత తీసినప్పుడు, వాల్వు కూర్చోవలసిన గాడి ఖాళీగా ఉంది. గాడి అంచు నిండా బోరు నీళ్లు మిగిల్చిన తెల్లటి పెచ్చు, మూత చుట్టూ నల్లటి గమ్ము తప్ప లోపల ఏమీ లేదు. వాల్వు లేకపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో, ట్రాఫిక్‌లో ఎలాగో 80 డిగ్రీలకు చేరుతుంది గానీ, ఉదయం కావలి మీదుగా ఒంగోలు పోయే హైవే మీద చల్లగాలి తగులుతుంటే ఆ వేడికి చేరదు. మీ బండి మధ్యాహ్నం బాగుండటానికి ఇదే కారణం కావచ్చు. వాల్వు ఉండి కూడా తెరుచుకున్నచోటే బిగుసుకుపోతే లక్షణాలు ఇలాగే ఉంటాయి. పైగా కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే బైపాస్ దారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటరుకు పోకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది కాబట్టి, ఎండాకాలపు సమస్య కూడా తీరదు.

దీన్ని విప్పకుండానే కొంతవరకు తేల్చవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్టు చేసి, ఫ్యానుకూ బెల్టుకూ చేయి దూరంగా ఉంచుతూ, రేడియేటరుకు వెళ్లే పై గొట్టాన్ని అప్పుడప్పుడు తాకి చూడండి. వాల్వు బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, వాల్వు తెరుచుకోగానే ఒక్కసారిగా కాలుతుంది. మొదటినుంచీ మెల్లగా గోరువెచ్చనవుతూ వస్తే వాల్వు లేదనో, తెరుచుకుని ఉండిపోయిందనో అనుకోవచ్చు. వాల్వు కింది గొట్టం వైపు ఉన్న ఇంజన్లలో ఈ పరీక్షను కింది గొట్టం మీద చేయాలి. మీటరులో టెంపరేచర్ ముల్లు ఉంటే, హైవే మీద పడిపోయి ఊళ్లో ఆగినప్పుడు లేవడం కూడా ఇదే లోపానికి గుర్తు. ముల్లు లేకుండా నీలం లైటు మాత్రమే ఉన్న కార్లలో ఆ లైటు ఆరిపోవడాన్ని నమ్మకండి. ఇంజను పూర్తిగా వేడెక్కడానికి చాలా ముందే అది ఆరిపోతుంది.

వాల్వును బయటికి తీస్తే గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి పొయ్యి మీద కాచి చూడవచ్చు. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే చెక్కి ఉంటుంది. చాలా కార్లకు అది 82 నుంచి 88 మధ్య ఉంటుంది. చల్లటి నీళ్లలోనే సందు కనిపిస్తే దాన్ని పారేయవలసిందే. కొత్తది బిగించేటప్పుడు దాని అంచున ఉండే చిన్న గాలి రంధ్రం పై వైపు వచ్చేలా పెట్టించండి. కూలెంటులో బోరు నీళ్లు కలపనివ్వకండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదన్నది మీకు తెలిసిన విషయమే.

ఇక కంప్యూటరుకు తెలియకపోవడం అంటే కూలెంట్ సెన్సారు లోపం. దీనికి స్కానరు (కారు కంప్యూటరుకు తగిలించి అందులోని లెక్కలు చదివే పరికరం) కావాలి. ఉదయం స్టార్టు చేయకముందే తాళం ఆన్ చేసి, కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ పక్కపక్కన చూడండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. గాలి 21 చూపిస్తుంటే కూలెంట్ సున్నాకో మైనస్ 40కో పడిపోయి ఉంటే సెన్సారో దాని కనెక్టరో పోయినట్లు. సముద్రపు గాలికి, రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండ్లలో కనెక్టరు పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం మా వైపు మామూలే. కూలెంట్ తగ్గి సెన్సారు గాలిలో తేలుతున్నా లెక్క తప్పుతుంది, కాబట్టి మట్టం కూడా చూడండి. స్కానరులో పి0128 అనే లోపం కోడ్ వస్తే ఇంజను వేడెక్కడం లేదని, పి0118 వస్తే సెన్సారు సర్క్యూటులో లోపమని, పి0507 వస్తే ఐడ్లింగ్ ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉందని అర్థం. ఈ మూడోది మీకు తెలిసిందే చెబుతుంది, కారణం చెప్పదు.

గాలి లీకుకు మీ విషయంలో అవకాశం తక్కువే అయినా, పాత బండి అయితే వదిలేయకూడదు. గట్టిపడిన వాక్యూమ్ పైపులు చలికి ముడుచుకుని సందు ఇస్తాయి, ఇంజను వేడికి మళ్లీ సర్దుకుంటాయి. ఏసీ ఆపి, ఐడ్లింగులో పైపుల అతుకుల మీద కొద్దిగా సబ్బునీళ్లు చల్లితే, లీకున్న చోట నీటిని లోపలికి పీల్చుకుని రేసులో తేడా తెలుస్తుంది. కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి చూస్తారు. అది వేడి ఇంజను మీద భగ్గున అంటుకోగలదు, ఇంటి దగ్గర చేయకండి.

త్రాటిల్ బాడీలో మసి పట్టి ఉండవచ్చు, దానికి శుభ్రం చేయించడం చాలు. శుభ్రం చేశాక స్కానరుతో ఐడిల్ రీలెర్న్ (ఐడ్లింగును కంప్యూటరుకు మళ్లీ నేర్పడం) చేయించకపోతే ఉన్న రేసు ఇంకా పెరిగినట్లు కనిపిస్తుంది. అది మాత్రం మెకానిక్‌కు ముందే చెప్పి ఉంచండి. రేపు ఉదయం స్టార్టు చేయకముందు స్కానరు చూపిన రెండు ఉష్ణోగ్రతలనూ, పది కిలోమీటర్ల తర్వాత కూలెంట్ ఎంత ఉందో దాన్నీ ఇక్కడ రాస్తే, వాల్వా సెన్సారా అన్నది ఇంకా కచ్చితంగా చెప్పగలను.