స్మాల్ యాంగిల్ స్కాటరింగ్ వర్క్‌షాప్‌కి వెళ్తున్నారా, శాంపిల్ కన్నా ముందు బ్యాక్‌గ్రౌండ్ సర్దుకోండి

గుంటూరులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ రెండో ఏడు, ముంబైలో ఐదు రోజుల స్మాల్ యాంగిల్ స్కాటరింగ్ (కణాల మీద పడి చిన్న కోణాల్లో చెదిరే ఎక్స్‌రేలని బట్టి వాటి సైజు, ఆకారం కనుక్కోవడం) వర్క్‌షాప్‌కి సెలెక్ట్ అయ్యాను, ఫిజిక్స్ ఇంటర్‌తోనే ఆగిపోయింది, వెళ్తే ఏమన్నా అర్థమవుద్దా, ఏం పట్టుకెళ్ళాలి అని అడిగారు కదా. వెళ్ళండి అండి, గైడ్ గారు ఇప్పుడెందుకు అన్నా సరే బతిమాలుకుని వెళ్ళండి. నేనూ గుంటూరులోనే చేశా పీహెచ్‌డీ, పాలల్లో ఉండే కేసిన్ అనే ప్రోటీన్ మీద, ఇప్పుడు బెజవాడలో డిగ్రీ పిల్లలకి చెప్తున్నా. అప్పట్లో ఇలాంటి వర్క్‌షాప్‌కే వెళ్ళా, అక్కడ నేర్చుకున్నది నా థీసిస్‌లో ఒక చాప్టర్ మొత్తాన్ని మార్చేసింది.

ఫిజిక్స్ భయం గురించి ముందు. ఒక లేజర్ పెన్ను, ఒక మంగళగిరి నూలు చీర తీసుకోండి. రాత్రిపూట లైట్లు ఆపేసి, ఐదు మీటర్ల దూరంలో గోడ ఉండేలా నిలబడి, చీర ఒంటి పొరలోంచి లేజర్ కొట్టండి (ఎవరి కళ్ళలోనూ పడకుండా). గోడ మీద ఒక చుక్క కాదు, నిలువుగా అడ్డంగా చుక్కల వరసలు కనపడతాయి. సెంటీమీటరుకి ముప్పై దారాలుంటే చుక్కకీ చుక్కకీ మధ్య దాదాపు ఒక సెంటీమీటర్ వస్తుంది. ఇప్పుడు చీర తీసేసి దెబ్బలకి కట్టుకట్టే గాజ్ గుడ్డ పెట్టండి, దారాలు ఎడంగా ఉంటాయి కదా, చుక్కలు దగ్గరకి జరిగిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అంటే నేత ఎంత సన్నమైతే చుక్కలు అంత దూరం, నేత ఎంత వదులైతే అంత దగ్గర. ఈ తిరగేసిన లెక్క ఒక్కటీ మనసులో కూర్చుంటే సగం పని అయిపోయినట్టే, మా పిల్లలకి కూడా నేను చీరతోనే మొదలుపెడతా.

అక్కడ లేజర్ బదులు ఎక్స్‌రే, దారాల బదులు మీ శాంపిల్లో ఉన్న నానోమీటర్ల సైజు కణాలు. రాగి టార్గెట్ నుంచి వచ్చే ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, వస్తువు 100 నానోమీటర్లు అనుకుంటే కోణం డిగ్రీలో పదో వంతు కూడా రాదు, అందుకే స్మాల్ యాంగిల్ అన్న పేరు. కోణాన్ని నేరుగా రాయకుండా క్యూ అనే దానిగా మార్చి రాస్తారు, రెండు పైలని క్యూతో భాగిస్తే మీరు చూస్తున్న దూరం సుమారుగా వచ్చేస్తుంది. ఇదేమీ ఎక్కడో వేరే వాళ్ళ విద్య కూడా కాదండి, ఫ్రాన్స్‌లో గినియె 1930ల చివర్లో దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టకముందే, 1930లో కృష్ణమూర్తి గారని మన దేశపు ఆయన ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో చిన్న కోణాల ఎక్స్‌రే స్కాటరింగ్ గురించి రాశారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇక అసలు విషయం, బ్యాక్‌గ్రౌండ్, అంటే కణాలు లేని ఉత్త ద్రవం ఇచ్చే డేటా, శాంపిల్ డేటాలోంచి మైనస్ చేసేది. నేను వెన్న తీసిన పాలు థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టుకుని బెజవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కా, దారంతా డబ్బా ఒళ్ళోనే. శాంపిల్ చక్కగా చేరింది, డేటా కూడా బాగా వచ్చింది, కానీ బ్యాక్‌గ్రౌండ్ కింద డిస్టిల్డ్ వాటర్ తీసి దాన్నే మైనస్ చేశా. క్యూ పెరిగేకొద్దీ ఎంత చెదిరిందో గీసిన కర్వ్ కుడి చివర, అంటే పెద్ద క్యూ దగ్గర, కిందకి దిగాల్సింది దిగకుండా చదునుగా ఉండిపోయింది. నేను అదేదో కొత్త స్ట్రక్చర్ అనుకుని రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మోడల్స్ మార్చి మార్చి ఫిట్ చేస్తానే ఉన్నా, కొన్ని ఫిట్ అయ్యాయి కూడా, అదీ భయం. మర్నాడు పాఠం చెప్పే మేడమ్ గారు కర్వ్ చూసి ఒకటే అడిగారు, పాలల్లోంచి కేసిన్ తీసేస్తే మిగిలేది నీళ్ళేనా అమ్మా అని. కాదు కదా! లాక్టోజ్ ఉంటుంది, ఉప్పులు ఉంటాయి, వే (పాలు విరిగితే మిగిలే తేట) ప్రోటీన్లు ఉంటాయి. నేను తీసేయాల్సింది నీళ్ళని కాదు, అవే పాలని సన్నటి ఫిల్టర్లోంచి పంపితే కేసిన్ పైన ఆగిపోయి కిందకి దిగే తేట నీళ్ళని. అది మా ల్యాబ్‌లో అరగంట పని, కానీ ముంబైలో నా దగ్గర లేదు, ఆ ట్రిప్పు డేటా మొత్తం పక్కన పెట్టేశా.

అందుకే చెప్తున్నా, మీ కణాలు ఏ ద్రవంలో తేలుతున్నాయో అచ్చంగా అదే ద్రవం, అదే బ్యాచ్‌ది, విడిగా ఒక సీసాలో పట్టుకెళ్ళండి. ప్రోటీన్ అయితే డయాలిసిస్ బయట మిగిలిన బఫర్ పారబోయొద్దు, అదే మీ బ్యాక్‌గ్రౌండ్, మళ్ళీ తూచి కొత్తగా కలిపింది పనికిరాదు. నానోపార్టికల్స్ అయితే సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరుకున్నది తీసుకోండి, సర్ఫాక్టెంట్ అందులోనే ఉంటుంది. శాంపిల్, బ్యాక్‌గ్రౌండ్ రెండూ ఒకే క్యాపిలరీలో (సన్నటి గాజు గొట్టం) కొలవమని అడగండి, గాజు మందం మారితే మైనస్ తప్పిపోతుంది. కాన్సంట్రేషన్లు రెండు మూడు చేసుకెళ్తే ఇంకా మంచిది, చిక్కగా ఉన్న దాంట్లో కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే కర్వ్ ఎడమ చివర వంగుద్ది, పలచన చేస్తే అది పోతుంది.

ఎడమ చివర అన్నా కాబట్టి ఇంకొకటి. నేను కొలిచిన మెషిన్లో అతి చిన్న క్యూ 0.005 దగ్గర ఆగింది, ఆంగ్‌స్ట్రామ్ లెక్కలో. కణం మొత్తం సైజుకి హద్దు చూసేటప్పుడు రెండు పైలు కాదు, ఒక్క పై (3.14) తీసుకుని దాంతో భాగిస్తారు, 63 నానోమీటర్లు వస్తుంది, అంతకన్నా పెద్దవాటి సైజు అది నమ్మకంగా చెప్పలేదు. కేసిన్ ఉండలేమో 100 నుంచి 200 నానోమీటర్లు! చీర బదులు గాజ్ గుడ్డ పెట్టినట్టే, చుక్కలన్నీ బీమ్‌స్టాప్ (తిన్నగా వచ్చే బీమ్‌ని ఆపే చిన్న అడ్డు) వెనకాల దాక్కుంటాయి. అయినా సాఫ్ట్‌వేర్ గినియె గీత (కర్వ్ ఎడమ చివర నుంచి సైజు తీసే గీత) గీసి ఒక సైజు ఇచ్చేసింది, ఆ గీత చెల్లాలంటే క్యూని రేడియస్ ఆఫ్ జైరేషన్‌తో (ఆ గీత ఇచ్చే కణం సైజు కొలత) గుణిస్తే 1.3 దాటకూడదు అన్న షరతు చూడకపోతే అదే పేపర్లో రాసేస్తాం. మీ కణం సైజు టీఈఎమ్‌లోనో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) డీఎల్ఎస్‌లోనో (లేజర్ వెలుతురుతో సైజు కొలిచేది) ముందే చూసుకుని, ఆ మెషిన్ అందుకుంటుందా లేదా అని మెయిల్ పెట్టి కనుక్కోండి.

ఫిట్టింగ్ గురించి ఎక్కువ రాయను, సాస్‌వ్యూ అని ఈ డేటాకి మోడల్స్ ఫిట్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వెళ్ళేలోపు ఇన్‌స్టాల్ చేసుకుని దాంతో వచ్చే ఉదాహరణ డేటాతో ఒక వారం ఆడుకోండి. యూనిట్లు మాత్రం చూసుకోండి, కొన్ని ఫైళ్ళలో క్యూ నానోమీటర్‌లో ఉంటుంది, కొన్నిట్లో ఆంగ్‌స్ట్రామ్‌లో, తేడా పది రెట్లు. మా బ్యాచ్‌లో ఒకే డేటా నలుగురికి ఇచ్చారు, ఒకమ్మాయి సైజులు అటూఇటూగా ఉన్న గుండ్రటి కణాలు అంది, నేను ఒకే సైజు కోడిగుడ్డు ఆకారం అన్నా, రెండు గీతలూ డేటా మీద ఒకేలా కూర్చున్నాయి, టీఈఎమ్ ఫోటో చూపించాక గానీ తేలలా. ఇలా పది మంది మధ్య కూర్చుని వాదించుకోవడం మన ల్యాబ్‌లో ఒక్కళ్ళం ఉండి జరగదు, నేను వెళ్ళమనేది అందుకే. ఈ రంగంలో వాళ్ళు ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి దేశాలు పట్టుకు తిరుగుతుంటారు, అందుకే డేటా ఫార్మాట్ అందరికీ ఒకటే ఉండాలని క్యాన్‌సాస్ అని కలిసి పని చేస్తారు, ఆ పేరులోనే సంచారులు అనే మాట ఉంది.

ఎక్స్‌రే బదులు న్యూట్రాన్లు వాడే సెషన్ ఉంటే మానొద్దు. హైడ్రోజన్, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) న్యూట్రాన్‌కి పూర్తిగా వేరుగా కనపడతాయి, డ్యుటీరియంతో చేసిన భారజలం దాదాపు 40 శాతం కలిపితే ప్రోటీన్ చుట్టూ ఉన్న నీళ్ళలో కలిసిపోయి మాయమవుతుంది, నీళ్ళలో ఐసు ముక్క అంచులు కనపడనట్టు, అప్పుడు దానికి అంటుకున్న ఇంకో పదార్థం ఒక్కటే చూడొచ్చు. ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ రియాక్టర్‌లో ఈ పని చేస్తారు, యూనివర్సిటీ వాళ్ళం యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా ప్రపోజల్ పెట్టుకోవచ్చు. ఎక్స్‌రే గట్టిగా కావాలంటే ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ (గట్టి ఎక్స్‌రే ఇచ్చే పెద్ద మెషిన్) ఉంది. వర్క్‌షాప్‌లో టీ టైంలో ఆ సైంటిస్టులని కదిలించి మీ సమస్య చెప్పండి, మన ఊరి నుంచి వచ్చామని మొహమాటపడొద్దు, వాళ్ళు పేపర్ మీద గీసి మరీ చెప్తారు, నా రెండో ప్రపోజల్ అలా టీ కప్పు పక్కన తయారైందే.

మీ శాంపిల్ ఏంటో, ఏ సాల్వెంట్లో ఉందో రాయలేదు మీరు. కింద రాయండి, బ్యాక్‌గ్రౌండ్‌కి ఏది సీసాలో పట్టాలో చెప్తా, టైం ఉంది కాబట్టి ఈ వారంలోనే తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.