కోరాపుట్ లాండా: కల్లా, సారానా, బీరా?

మీరు అడిగినవి రెండు. ఒడిశాలోని కోరాపుట్ వైపు కొండల్లో చోళ్ళతో, అంటే రాగులతో, చేసే లాండా కల్లులాంటిదా, బీరులాంటిదా అన్నది ఒకటి. జయపురం వస్తే తాగి చూడడం ఎలా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: లాండా అచ్చమైన బీరే. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళు కూడా కల్లునీ, ఇప్పసారానీ, లాండానీ కలిపి ‘మందు’ అనేసి ఊరుకుంటారు. మూడూ మూడు వేరు వేరు పనులు.

జీలుగు కల్లు సంగతి చూడండి. ఒడియాలో దాన్ని సలప అంటారు. చెట్టు గెల కోసి కుండ కడితే దిగే నీరాలో తీపి ముందే ఉంటుంది. గాలిలోని, కుండలోని ఈస్టు తగిలితే చాలు, పూట తిరిగేసరికి పొంగుతుంది. ఇప్పపువ్వులోనూ తీపి ముందే ఉంది. దాన్ని నానబెట్టి పులియనిచ్చి, పొయ్యి మీద కాచి ఆవిరి పడితే సారా. ధాన్యం అలా కాదు. గింజలో ఉండేది పిండి, దాన్ని ఈస్టు నేరుగా తినలేదు. ముందు ఎవరో దాన్ని తీపిగా మార్చాలి. ఆ పని చేసేది మొలక. బీరు కోసం బార్లీని మొలకెత్తించి ఆరబెట్టేది ఇందుకే. కోరాపుట్ కొండల్లో బార్లీ చేసే పని చోడి చేస్తుంది.

దీన్ని నేను కళ్ళారా చూసింది పద్నాలుగేళ్ళప్పుడు. మా నాన్నగారు సంతల్లో ఉప్పు, ఎండుచేపలు అమ్మేవారు. కుందులి సంత ముగించుకుని వస్తూ పొద్దుపోతే దారిలో పరజా అనే గిరిజనుల ఊళ్ళో ఆగేవాళ్ళం. ఆ ఇంటావిడని ‘నానీ’ అని పిలిచేవాణ్ణి. ఇక్కడ అందరికీ ఉమ్మడి భాష అయిన దేశియాలో నానీ అంటే అక్క. చైత్ర పరబ్ పండగ దగ్గర పడుతోంది, ఆవిడ లాండా పెడుతోంది.

నాలుగు రోజుల ముందే పిండి నీళ్ళలో కలిపి పులియబెట్టింది. అందులో సగం తీసి పొయ్యి మీద గట్టి సంకటిలా ఉడికించింది. కర్ర నిలబెడితే పడిపోనంత గట్టిగా. అది గోరువెచ్చగా ఆరాక, మిగిలిన పులిసిన పిండి కలిపింది. తర్వాత చేటలోంచి రెండు దోసిళ్ళ పొడి తీసి చల్లింది. చోళ్ళు నానబోసి, ఆకులు కప్పి మొలకెత్తించి, ఎండబెట్టి తిరగలిలో విసిరిన పొడి అది. నా నాలుక మీద చిటికెడు వేసింది, తియ్యగా ఉంది. ఇక కలపడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ గట్టి సంకటి నా కళ్ళ ముందే వదులైపోయి జావలా జారింది. నీళ్ళు పోసిందేమో అనుకున్నాను. చుక్క నీరు పోయలేదు. మొలకలోని ఎంజైములు పిండిని ముక్కలు చేస్తున్నాయని నాకు అర్థమైంది చాలా ఏళ్ళ తర్వాత, కాలేజీలో. పసిపిల్లలకు జావ పలచబడాలని మన ఇళ్ళలో మొలకెత్తిన రాగిపిండి వాడతారే, అదే సూత్రం.

తర్వాత కుండలోకి ఎత్తి, అడ్డాకులు కప్పి, వాసెన కట్టి మూలన పెట్టింది. మూడో రోజుకి లోపల చిటపటలు వినిపిస్తాయి. బార్లీ బీరులో ముందు వేడినీళ్ళలో, అరవై అయిదు డిగ్రీల దగ్గర, పిండిని తీపిగా మార్చి, వడకట్టి, మరిగించి, చల్లార్చాకే ఈస్టు వేస్తారు. లాండాలో తీపి పుట్టడం, పులియడం రెండూ ఒకే కుండలో కలిసి సాగుతాయి. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు ఇందులో ఉండవు కాబట్టి ఆ చేదు ఉండదు. వడకట్టరు కాబట్టి చిక్కగా, బూడిదరంగులో, పుల్లగా ఉంటుంది. తాగితే కడుపు నిండుతుంది. ఇది ఆకలి తీర్చే తాగుడు. పొలం పనికి వచ్చినవాళ్ళకు పోసేదీ ఇదే, ధింసా ఆడేవాళ్ళ మధ్య తిరిగేదీ ఇదే.

ఈ నేల వారసత్వం అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చేటలోని పొడి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టింది. జయపురం దగ్గరి పాత్రపుట్‌కి చెందిన కమలా పూజారి పాతవరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. గింజని కాపాడినవాళ్ళకు అంత గౌరవం దక్కడం చూసి పొంగిపోయాను. ఆ గింజతో ఏం చెయ్యాలో తెలిసిన ఆడవాళ్ళకు కూడా అంత గౌరవం దక్కాలని నా కోరిక. ఎంత మొలక చాలు, ఏ ఎండ చాలు, ఏ కుండ బాగా పులియబెడుతుంది అన్న లెక్క ఏ కాగితం మీదా లేదు, వాళ్ళ చేతుల్లో ఉంది.

మూడేళ్ళ క్రితం ఒక పెద్ద నగరంలో, క్రాఫ్ట్ బీరు తయారుచేసే చోట, ‘ట్రైబల్ రాగి ఏల్’ అని రాసి ఉంటే ఆశగా తెప్పించుకున్నాను. బీరు బాగుంది. కానీ అందులో మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ, అంతా బార్లీదే, రాగి పేరుకి కొంత వేశారు. ఏ జాతివాళ్ళది, ఏ ఊరిది అని అడిగితే ఎవరికీ తెలియదు. నాకు చాలా బాధేసింది. చోడి మాల్టుతో ఇక్కడే, జయపురంలోనో సెమిలిగుడలోనో, ఈ ఆడవాళ్ళే భాగస్వాములుగా ఒక చిన్న బ్రూవరీ రావాలని నాకు గట్టిగా ఉంది. అయితే మత్తు పదార్థాల అమ్మకం మీద నియంత్రణ విషయంలో గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. ఊరు ఒప్పుకుంటేనే ఆ మాట ఎత్తాలి.

ఇక రెండోది. 1936 దాకా ఈ ప్రాంతం విశాఖ జిల్లాలోనే ఉండేది కాబట్టి జయపురంలో తెలుగు మాట్లాడితే పని జరిగిపోతుంది. సంతలో, ఊళ్ళలో దేశియా కావాలి, తెలిసినవాళ్ళని వెంట తెచ్చుకోండి. లాండా దుకాణంలో దొరికేది కాదు, పండగ రోజుల్లో ఇంటివాళ్ళు పోస్తే తాగేది. గురువారం ఒనకడెల్లి సంతకి వెళ్ళి, కుండల ముందు కూర్చున్న బోండా గిరిజన స్త్రీలకు కెమెరా ఎక్కుపెట్టకండి. పోసింది మొదట కొంచెమే తీసుకోండి, పులుపు అలవాటు లేని కడుపుకి బరువు చేస్తుంది.

సీసాలో పోసి మూత బిగించి ఇంటికి తెచ్చుకోవద్దు. నేను ఒకసారి అలా తెస్తే సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేలోపే బస్సులో సీసా పగిలి, పక్కనున్న పెద్దాయన పంచె తడిసిపోయింది. కుండ దించాక కూడా అది పులుస్తూనే ఉంటుంది. తెచ్చుకోవాలనుకుంటే ఆ మొలకల పొడి అడగండి, గుడ్డలో కట్టి ఇస్తారు. మీ ఇంట్లో గట్టి సంకటి వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండు చెంచాలు వేసి కలిపి చూడండి.