ఎక్రోనులో గానుగెద్దు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ రాత్రే చదివాను. తల్లీకూతుళ్లు మాట్లాడుకునే చోటు బాగుంది. కానీ రెండో పేజీలో ఎద్దు కనిపించాక నాకు నిద్ర పట్టలేదు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో, ఫిలిష్తీయులనే పాతకాలపు జనం ఉన్న ఎక్రోను పట్టణంలో, ఆలివ్ నూనె కోసం గానుగ చుట్టూ ఎద్దును తిప్పావు. అది మన నువ్వుల గానుగ ఎద్దమ్మా!

ఇప్పటి ఇజ్రాయెల్‌లోని తెల్ మిక్నేయే ఆనాటి ఎక్రోను. 1981 నుంచి 1996 దాకా అక్కడ తవ్వితే నూరుకు పైగా నూనె తీసే చోట్లు బయటపడ్డాయి. మధ్యలో నలుచదరపు రాతి తొట్టి. అందులో కాయలు పోసి, గుండ్రటి రాయిని ముందుకీ వెనక్కీ దొర్లించి నలిపేవాళ్లు. అటూ ఇటూ నూనె పిండే తొట్లు. నలిగిన ముద్దను బుట్టల్లో పేర్చి, పైన పొడవాటి దూలం వేసి, దాని కొనకి చిల్లులు పొడిచిన బండరాళ్లు వేలాడదీసేవాళ్లు. దూలాలూ బుట్టలూ ఎప్పుడో మట్టిలో కలిశాయి. రాళ్లు మిగిలాయి.

'స్వచ్ఛమైన బంగారు ధార' అని రాశావు. ముద్దను నొక్కితే నూనె ఒక్కటే రాదు, నల్లటి చేదునీళ్లతో కలిసి వస్తుంది. కాసేపు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, దాన్ని ముంచుకోవాలి. మరి నీ కథలో ఆ చేదు ఏది? ఆ పిల్ల గోళ్లకి నలుపేది?

ఏ పని గురించి రాసినా ముందు దాని చెత్తను వెతుకు. నేను నమ్మింది ఇదొక్కటే. హైఫా దగ్గర సముద్రం అడుగున, కఫర్ సమీర్ అనే చోట, సుమారు 7 వేల ఏళ్ల నాటి గుంటల్లో వేలకొద్దీ నలిగిన ఆలివ్ టెంకలూ పిప్పీ దొరికాయి. అక్కడ నూనె తీశారని చెప్పింది ఆ పిప్పే. రోములో నూనె జాడీల పెంకులతోనే 35 మీటర్ల గుట్ట లేచింది. నూనె పీల్చుకుని కంపుకొట్టే జాడీలు మళ్లీ వాడటానికి పనికిరావు, పగలగొట్టి పోసేవాళ్లు.

నా మొదటి కథలో తెలకపిండి గురించి ఒక పేరా ఉండేది. నాలుగు రోజులు గానుగ పక్కన కూర్చుని రాసింది. ఎడిటరుగారు 'కథ నడవట్లేదు' అని ఎర్రసిరాతో కొట్టేశారు. అప్పట్లో పల్లెటూరి కథంటే కన్నీళ్లు కావాలి, పని అక్కర్లేదు. నేనూ తలూపి వచ్చేశాను. అచ్చయ్యాక గానుగ తాతకి చదివి వినిపిస్తే, అంతా విని "మరి పిండేదిరా అబ్బాయ్?" అన్నాడు. ముప్పయ్యేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే నీ దగ్గర ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి. నీ పిల్ల పన్నెండు నెలలూ నూనె తీస్తూనే ఉంది. ఆలివ్ కాయ శరదృతువులో మొదలై కొన్ని నెలలే వస్తుంది. ఎక్రోనులో నూనె తీసిన ఆ గదుల్లోనే మగ్గం గుండ్లు, అంటే నూలు బిగువుగా ఉండేందుకు మగ్గానికి వేలాడదీసే బరువులు, కూడా దొరికాయి. కాయ లేని కాలంలో అక్కడే బట్ట నేసేవాళ్లని తవ్వినవాళ్లు అనుకుంటున్నారు. అంటే మొన్నటిదాకా కాయలు నలిపిన చేతులే ఇవాళ నూలు పట్టుకుంటాయి. గోళ్లలో మిగిలిన నలుపు ఎక్కడ అంటుకుంటుందోనని ఆ పిల్ల ఎంత టెన్షన్ పడుతుందో చూడు. బాబిలోను సైన్యం వచ్చే ఆ ఆరు పేజీలూ తీసేసి, ఇది రాయి.

రాయగానే పంపు. ఎన్ని పేజీలైనా ఫరవాలేదు.

మీ మాస్టారు