టూర్నికెట్ బెల్టుకు పెట్టుకోవాలా, జీపులో ఉంచాలా?

హైవే పెట్రోలింగ్‌లో కొత్తగా చేరాను, సొంత డబ్బుతో టూర్నికెట్ (నెత్తురు ఆపడానికి చేతికో కాలికో కట్టి, కడ్డీ తిప్పి బిగించే పట్టీ) కొన్నాను, బెల్టుకు తగిలించుకోవాలా, జీపులో ఫస్ట్ ఎయిడ్ బాక్సులో ఉంచాలా అని అడిగావు. బెల్టుకే పెట్టుకో తమ్ముడూ. అదీ ముందు వైపు, కుడి చేయి వేసినా ఎడమ చేయి వేసినా అందేలా. నీ చేతికే దెబ్బ తగిలితే రెండో చేత్తో తీసుకోవాలి కదా.

నేను ఆర్మీలో చేసి వచ్చి ఇప్పుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీలో సెక్యూరిటీ చూస్తున్నాను. చేరిన కొత్తలో నా టూర్నికెట్ కొన్న కవరుతోనే బైకు బ్యాగులో ఉండేది. ఒక మధ్యాహ్నం రాయి కోసే డైమండ్ వైరు తెగి ఒక కుర్రాడి పిక్కకు కొట్టింది. నెత్తురు ఆగకుండా బూటులోకి దిగుతోంది. నేను రెండు చేతులతో అదిమి పట్టుకుని ఇంకో అబ్బాయిని బ్యాగు కోసం పరిగెత్తించాను. వాడు తెచ్చాడు గానీ ఆ ప్లాస్టిక్ కవరు తడి చేతులకు జారిపోతుందే తప్ప చిరగలేదు. చివరికి పళ్లతో చింపాను. కుర్రాడు బతికాడు, మళ్లీ పనిలోకి వచ్చాడు. నాకు మాత్రం ఆ కవరు జారడం ఇప్పటికీ చేతుల్లో తెలుస్తుంది. తొడలో పెద్ద రక్తనాళం తెగితే మనిషి కొన్ని నిమిషాల్లోనే పోతాడు. అక్కడ కవరు చింపే టైము ఉండదు.

అందుకే ఈ రోజే కవరు తీసేయ్. పట్టీని కాలు దూరేంత ఉంగరంలా వదులుగా ఉంచి, కొసను కొంచెం మడిచిపెట్టు, లాగడానికి పట్టు దొరుకుతుంది. మూత ఉన్న పౌచ్‌లోనే పెట్టు. మన ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, దుమ్ము పడితే వెల్క్రో అతుక్కోదు. నేను నెలకోసారి తీసి దులిపి చూస్తాను. ప్రాక్టీసుకు వేరేది కొను, డ్యూటీది ప్రాక్టీసుకు వాడొద్దు. చవకగా దొరికే నకిలీవి మాత్రం వద్దు, గట్టిగా తిప్పేసరికి కడ్డీ విరిగిపోతుంది.

చాలా దెబ్బలకు గుడ్డ పెట్టి గట్టిగా అదిమితే సరిపోతుంది. చేతికో కాలికో తగిలి నెత్తురు చిమ్ముతూ ఆగకపోతే టూర్నికెట్ వెయ్యి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలు, మోచేయి కీళ్ల మీద పడకుండా. నెత్తురు ఆగేదాకా కడ్డీని తిప్పు. విపరీతమైన నొప్పి ఉంటుంది, అరుస్తాడు, బతిమాలతాడు. జాలిపడి వదులు చేయొద్దు. కట్టిన టైము దాని మీదే రాసి, 108 వాళ్లకు నోటితో కూడా చెప్పు. రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరాలి.

గజ్జల్లో, చంకలో తగిలితే టూర్నికెట్ పనికిరాదు. గాయం లోపలికి గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలచటి గుడ్డ) కూరి, ఒంటి బరువంతా వేసి అదమాలి. కాబట్టి పక్కనే ఒక గాజ్ గుడ్డ రోలు, గ్లవ్స్ కూడా ఉండనీ.

ఇంకొకటి, నీ జీపు డ్రైవరుకు అది ఎక్కడుందో చూపించు. నువ్వే పడిపోతే తీయాల్సింది ఆయనే. కావలి, ఒంగోలు మధ్య డ్యూటీ పడితే చెప్పు. నా దగ్గర ప్రాక్టీసుది ఉంది, ఒక ఆదివారం కూర్చుని ఇద్దరం ఒంటిచేత్తో కట్టి చూద్దాం.